చల్క నేలలో నైట్రో ట్రక్కు: పందెం ఎద్దా, దుక్కిటెద్దా?

జాతరల్లో బండలాగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. పోటీకి పెంచిన ఎడ్లజతను అరకకు కట్టరు, అరక దున్నే జతను బండ దగ్గరికి తీసుకురారు. రెండూ ఎద్దులే అయినా మేత వేరు, పని వేరు, యజమాని జేబు మీద పడే బరువు వేరు. నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ ట్రక్కు, అంటే ఇంజన్ ఉన్న చిన్న నమూనా బండి, కొనాలనుకునేవారు మొదట తేల్చుకోవలసింది కూడా ఈ తేడానే. అయితే నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఇలాంటి బండి కనబడగానే చుట్టూ చేరినవారు అడిగే మొదటి ప్రశ్న మాత్రం "గంటకు ఎంత వేగం పోతుంది?" అన్నదే. వేగం ఆఖరున చూడవలసిన అంకె. అంతకంటే ముందు బండి తిరగబోయే నేలను చూడాలి, పక్కన పరుగెత్తే తోటి బండి ఉందో లేదో చూడాలి, ఇంజన్‌కు చాకిరీ చేసే ఓపిక ఎంతో చూసుకోవాలి. ఈ మూడూ లెక్కలోకి తెస్తే దక్షిణ తెలంగాణలో చాలామందికి పందెపు ట్రక్కు అక్కరలేదనే తేలుతుంది.

ముందు ఇంజన్ సంగతి. ఇది అరచేతిలో ఇమిడిపోయే టూ స్ట్రోక్ ఇంజన్. లూనా, యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపిన తరానికి దీని స్వభావం సగం తెలిసినట్టే. ఇంజన్‌లో నూనెకు వేరే చోటు ఉండదు, ఇంధనంలో కలిసి వచ్చే నూనే పిస్టన్‌ను కాపాడుతుంది. పోలిక అక్కడితో ఆగుతుంది. ఇందులో స్పార్క్ ప్లగ్ లేదు, దాని స్థానంలో గ్లో ప్లగ్ ఉంటుంది. అందులోని సన్నని ప్లాటినం తీగను మొదట ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రగా కాలుస్తారు. ఇంజన్ అందుకున్నాక బ్యాటరీ తీసేస్తారు. ప్లాటినం మీద మిథనాల్ ఆవిరి జరిపే రసాయనచర్యా, లోపలి దహనపు వేడీ కలిసి ఆ తీగను ఆరిపోకుండా ఉంచుతాయి. నైట్రో ఇంధనం ధర విని పెట్రోలు పోస్తే సరిపోదా అనిపించడం సహజమే కానీ, పెట్రోలుకూ ప్లాటినానికీ ఆ పొత్తు కుదరదు. ఇంజన్ నడవదు.

ఆ సీసాలో ఉండేవి మూడు పదార్థాలు. ఎక్కువ పాలు మిథనాల్. నైట్రోమీథేన్ సాధారణంగా 16 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. మిగిలింది నూనె. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండటానికి దాదాపు పద్నాలుగున్నర పాళ్ల గాలి కావాలి, మిథనాల్‌కు ఆరున్నర పాళ్లు చాలు, నైట్రోమీథేన్‌కు రెండు పాళ్లు కూడా అక్కరలేదు. అంటే అదే గాలితో ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు. మూడు ఘనసెంటీమీటర్ల ఇంజన్ నాలుగైదు కిలోల బండిని ఎగిరి దూకించగలగడం వెనుక ఉన్నది ఇదే. ఇక నూనెలో కృత్రిమ నూనెతో పాటు చాలా రకాల్లో ఆముదం కూడా కలుస్తుంది. పాలమూరు, నల్లగొండ చల్కల్లో తరతరాలుగా పండిన ఆ ఆముదమే. అది పెట్రోలులో సరిగా కలవదు, మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది. కృత్రిమ నూనె మాడిపోయే వేడిలో కూడా లోహం మీద పొరలా నిలుస్తుంది. సైలెన్సర్ నుంచి వచ్చే నీలిపొగలో ఆ మాడిన ఆముదం వాసన ఈ సరదాకు సగం ఆకర్షణ అనేవారూ ఉన్నారు.

ట్రక్కుల్లో ముఖ్యంగా మూడు జాతులు. అసలు బండిలో పదో వంతు కొలతలో వచ్చే స్టేడియం ట్రక్కు వెనుక చక్రాల లాగుడుతో నడిచే తేలిక బండి. ఇక్కడి గులకరాళ్ల మీద అది ఎక్కువసేపు తిన్నగా పోలేదు కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. మిగిలిన రెండే అసలు పోటీదారులు: మాన్‌స్టర్ ట్రక్కు, ట్రగ్గీ.

మాన్‌స్టర్ ట్రక్కు ఎత్తుగా ఉంటుంది, చక్రాలు పెద్దవి, అడుగుభాగం నేలకు దూరంగా ఉంటుంది. 1999లో ట్రాక్సాస్ కంపెనీ తెచ్చిన టీ-మ్యాక్స్ ఈ జాతికి పేరు తెచ్చింది. 2004లో అదే కంపెనీ రెవో వచ్చింది, హెచ్‌పీఐ సావేజ్ వీటికి గట్టి పోటీ ఇచ్చింది. టీ-మ్యాక్స్, రెవో లాంటి వాటిలో రివర్స్ గేరు కూడా పెట్టారు. ఇది చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది. ముళ్లకంపలో ఇరుక్కున్న బండి దగ్గరికి మిట్టమధ్యాహ్నం నూరు గజాలు నడిచి వెళ్లినవారికి దాని విలువ తెలుస్తుంది.

ట్రగ్గీ పుట్టుక వేరు. ఎనిమిదో వంతు కొలతలోని రేసు బగ్గీనే (మట్టి ట్రాక్ మీద పరుగెత్తే నేలబారు బండి) తీసుకుని, చట్రం కాస్త పొడిగించి, చక్రాలను పట్టుకునే చేతులు వెడల్పు చేసి, ట్రక్కు చక్రాలు తొడిగితే ట్రగ్గీ. బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది. మలుపులో చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియళ్లు ముందు, మధ్య, వెనుక మూడు ఉంటాయి. వాటిలో పోసే సిలికాన్ నూనె చిక్కదనాన్ని మార్చితే బండి మలుపు తిరిగే తీరు మారుతుంది. రివర్స్ ఉండదు, రెండో గేరూ ఉండదు. ఇంజన్ తిప్పడానికి తాడు లాగే ఏర్పాటు కూడా చాలా వాటిలో లేదు, బండిని విడి స్టార్టర్ పెట్టె మీద పెట్టి నొక్కాలి. పందెంలో బరువు తగ్గించే ప్రతి కోతా లాభమే. ఒంటరిగా వెంచర్ రోడ్డు మీద తిప్పుకునేవారికి ఆ కోతలన్నీ ఒక్కొక్క అసౌకర్యంగా మారతాయి.

మాన్‌స్టర్ ట్రక్కును రేసుకు తీసుకెళ్తే ఏమవుతుంది? మలుపులో వేగంగా తిప్పగానే ఎత్తు కారణంగా పక్కకు ఒరుగుతుంది, మూడో చుట్టుకు చక్రాలు ఆకాశం చూస్తాయి. ట్రగ్గీని రాళ్ల గుట్ట ఎక్కిస్తే అడుగుపలక ప్రతి రాయికీ తగులుకుంటుంది. దుక్కిటెద్దును పందేనికి, పందెం ఎద్దును దుక్కికి తోలినట్టే.

ఇప్పుడు నేల దగ్గరికి వద్దాం. కేటలాగుల్లో రాయని అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ ప్రాంతమంతా గ్రానైట్ రాతి మీద కూర్చుంది. భువనగిరి కోట ఉన్న ఏకశిల నుంచి దేవరకొండ గుట్టల దాకా కనిపించేది ఆ రాయే. అది వేల ఏళ్లుగా శిథిలమై చల్క నేల అయింది. గ్రానైట్‌లోని మిగతా ఖనిజాలు మెత్తబడి మట్టిగా మారినా, క్వార్ట్జ్ మాత్రం ఇసుక రేణువుగా మిగులుతుంది. ఎండాకాలంలో ట్రక్కు వెనుక లేచే ఎర్రటి దుమ్ములో ఉండేది ఆ రేణువే. పిస్టన్ అల్యూమినియం, అది ఆడే సిలిండర్ గొట్టం ఇత్తడి. క్వార్ట్జ్ ఆ రెండింటికన్నా ఎంతో గట్టిది. ఇత్తడి మీద క్రోమియం పూత ఉన్నా, మెత్తని పిస్టన్‌లో గుచ్చుకున్న రేణువు గీతలు గీస్తూనే ఉంటుంది.

పైగా ఈ ఇంజన్‌లో పిస్టన్‌కు రింగు ఉండదు. సిలిండర్ గొట్టం పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైచివర బిగుసుకుంటుంది, వేడెక్కితే ఇత్తడి వ్యాకోచించి ఉండవలసినంత సందు ఏర్పడుతుంది. ఇంజన్ బలమంతా ఆ బిగువులోనే ఉంది. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి ఒక అంచున లేచిందంటే ఒకటి రెండు ట్యాంకుల్లో ఆ బిగువు పోవచ్చు. అందువల్ల ఈ జిల్లాల్లో బండి ఎంపికలో మొదట చూడవలసినది ఎయిర్ ఫిల్టర్: రెండు పొరల స్పాంజి, నూనె పట్టే రకం, గట్టిగా కూర్చునే మూత. దాన్ని ప్రతి రోజు ఆట తర్వాత కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ నూనె పట్టించాలి. ఈ పని విసుగనిపించేవారు నైట్రో జోలికి రాకపోవడమే మేలు.

తిప్పుకునే చోట్లకు కొదవ లేదు. జాతీయ రహదారుల వెంట ప్లాట్లు కోసి, రోడ్లు వేసి, ఇళ్లు లేకుండా వదిలేసిన వెంచర్లు మాన్‌స్టర్ ట్రక్కుకు ఎవరూ తలవని వరం. ఎండాకాలంలో నీళ్లు ఇంకిన చెరువు శిఖం ఇంకా మంచిది; మట్టి గట్టిపడి, దుమ్ము తక్కువగా, దూకడానికి సహజమైన మిట్టలతో ఉంటుంది. అదే చెరువు తొలకరి తర్వాత ఉచ్చు లాంటిది. నల్లరేగడి తగిలిన చోట తడిమట్టి చక్రాలకు ముద్దలు కట్టి, క్లచ్ జారి, ఇంజన్ కాగిపోతుంది. వరి కోసిన మడి చూడటానికి బాగుంటుంది కానీ కొయ్యకాళ్లు, గడ్డి ఇరుసులకు చుట్టుకుంటాయి. తుమ్మముళ్ల భయం మాత్రం అక్కరలేదు. ఈ టైర్లలో గాలి ఉండదు, స్పాంజి ఉంటుంది, పంక్చర్ అన్న మాటే లేదు. పల్లేరుకాయల మీద చెప్పులు లేకుండా నడిచినవారు ఈ ఒక్క విషయంలో బండిని చూసి అసూయపడవచ్చు.

ఎండ గురించి ఒక అపోహ బలంగా ఉంది. ఎండ మండిపోతున్నప్పుడు ఇంజన్‌కు ఇంధనం ఎక్కువ వదలాలని, ఇంధనాన్ని కొలిచి వదిలే కార్బురేటర్ సూదిని విప్పాలని చాలామంది అనుకుంటారు. గాలి లెక్క దానికి ఎదురుగా ఉంటుంది. వేడిగాలి పలచన. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి తీరప్రాంతంతో పోలిస్తే ఇంకో ఐదారు శాతం పలచనవుతుంది. గాలి తగ్గి ఇంధనం అంతే ఉంటే మిశ్రమం చిక్కబడుతుంది. పొగ పెరుగుతుంది, లాగుడు మందగిస్తుంది. కాబట్టి మే నెల మధ్యాహ్నం సూదిని బిగించవలసి వస్తుంది, అదీ గడియారంలో ఒక గంట దూరమంత మాత్రమే. వానాకాలపు తేమ గాలి కూడా ఇదే దిశలో పనిచేస్తుంది.

అసలు ప్రమాదం వేసవిలో కాదు, డిసెంబరు ఉదయం పొంచి ఉంటుంది. మే నెలలో సర్ది పెట్టిన సూదితో చలిగాలిలో బండి తీస్తే గాలి చిక్కబడి, ఇంధనం చాలక, నూనె కూడా అదే నిష్పత్తిలో తగ్గి ఇంజన్ కాలిపోతుంది. కాలిపోయే ముందు నిమిషం పాటు అది ఎన్నడూ లేనంత జోరుగా పరుగెత్తుతుంది, చూసేవారు చప్పట్లు కొడతారు. గ్లో ప్లగ్ దగ్గర వేడి 95 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలని సాధారణ లెక్క. వేడి కొలిచే పరికరం లేకపోతే తలభాగం మీద నీటి చుక్క వేసి చూస్తారు. మూడు నాలుగు సెకన్లు మరిగి ఆవిరైతే సరే, పడీపడగానే చివ్వుమని ఎగిరిపోతే ఆపేయాలి.

ఇక పందెం మాట. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్టు, ఊళ్లో ఒక్కటే ట్రక్కు ఉంటే అదే అన్నిటికన్నా వేగమైనది. దానికి ట్రగ్గీయే కావాలన్న నియమం లేదు. బండలాగుడులో ఎడ్లను పళ్లు చూసి తరగతులు చేసినట్టే, ఈ పోటీల్లో ఇంజన్ పరిమాణం, కొలత చూసి విభజిస్తారు. ఎనిమిదో వంతు ఆఫ్‌రోడ్ తరగతిలో ఇంజన్ మూడున్నర ఘనసెంటీమీటర్లు దాటకూడదు. బగ్గీకి ట్యాంకు 125, ట్రగ్గీకి 150 ఘనసెంటీమీటర్లన్నది అమెరికా పోటీల కట్టుబాటు. ఈ కొలత బగ్గీలకు 1986 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి, ఫైనల్ గంటసేపు సాగుతుంది. ట్యాంకు ఎనిమిది పది నిమిషాలకే ఖాళీ అవుతుంది కాబట్టి ఆ గంటలో ఆరేడు సార్లు బండిని పక్కకు తెచ్చి ఇంధనం కొట్టాలి. నడిపేవాడు వేదిక దిగడు, కింద మరో మనిషి సీసాతో సిద్ధంగా ఉండాలి. బోల్తా పడిన బండ్లను నిలబెట్టడానికి ట్రాక్ మలుపుల దగ్గర మనుషులు నిలబడాలి, సాధారణంగా అంతకుముందు పందెం పూర్తిచేసినవారే ఆ పని చేస్తారు. ఇలా లెక్కేస్తే ఆరు బండ్ల పందేనికి కూడా నడిపేవారు, ఇంధనం కొట్టేవారే పన్నెండు మంది ఉండాలి.

కాబట్టి ఊళ్లో ఒకే తరగతి బండ్లు నాలుగైదు లేనిదే ట్రగ్గీ కొనడం తొందరపాటు. ఉన్నాయంటే మాత్రం కథ మారుతుంది. కోతలు అయిపోయిన ఒక బీడులో, యజమాని ఒప్పుకుంటే, పాత ఇరిగేషన్ పైపులను సగానికి చీల్చి అంచులు కట్టి, మట్టి తడిపి దిమ్మిస కొడితే మంచి ట్రాక్ అవుతుంది. తడిపి కొట్టిన చల్క చక్కగా గట్టిపడుతుంది, దుమ్మూ అణగుతుంది. అలాంటి చోట ఇరవై నిమిషాలు ట్రగ్గీ నడిపినవారికి మాన్‌స్టర్ ట్రక్కు మళ్లీ బొమ్మలా కనిపిస్తుందంటే అది అతిశయోక్తి కాదు.

ఇంజన్ పరిమాణం దగ్గర చాలామంది పొరబడతారు. 0.18 నుంచి 0.28 దాకా రాసి ఉండే అంకెలు ఘన అంగుళాల లెక్క. మెట్రిక్‌లో దాదాపు మూడు నుంచి నాలుగున్నర ఘనసెంటీమీటర్లు. పెద్దది కొంటే పైసకు పైస గిట్టుతుందనిపిస్తుంది. కానీ పెద్ద ఇంజన్ ఇంధనం ఎక్కువ తాగుతుంది, వేడి ఎక్కువ పుట్టిస్తుంది, గేర్లను త్వరగా అరగదీస్తుంది. మొదటి బండికి మూడు, మూడున్నర ఘనసెంటీమీటర్ల మాన్‌స్టర్ ట్రక్కు చాలు, ఈ ఎండల్లో అదే తగినది కూడా.

ఇంధనం దొరకడం మరో చిక్కు. మండే ద్రవం కనుక విమానంలో పంపనివ్వరు. రోడ్డు మార్గంలోనే రావాలి, లేదా హైదరాబాద్ వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత వదులైన సీసా రెండు వానలు చూస్తే ఆ ఇంధనం పనికిరాదు. ఆట అయ్యాక ట్యాంకులో మిగిలినది మండించేసి, ఇంజన్‌లో నాలుగు చుక్కల నూనె వేయకపోతే అదే తేమ బేరింగులను తుప్పు పట్టిస్తుంది. విడిభాగాల మాటకొస్తే, ఇలాంటి నమూనా బండ్లు ఆటబొమ్మల సుంకం తరగతిలోకి వస్తాయి. 2020 బడ్జెట్‌లో ఆ దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. పైగా తయారీ కంపెనీలు చాలావరకు బ్యాటరీ బండ్ల వైపు మళ్లాయి. ఒక క్లచ్ బెల్ కోసం నెల రోజులు బండి మూల పడి ఉండటం కొత్తేమీ కాదు. అందుకే కొనేముందు చూడవలసింది బండి పేరు ప్రతిష్ఠలు కాదు, దాని గేర్లు, చేతులు, క్లచ్ ఈ దేశంలో ఎవరి దగ్గర నిల్వ ఉన్నాయన్నది. కేవలం వేగమే కావాలంటే బ్యాటరీ బండి తక్కువ శ్రమతో అంతకన్నా ఎక్కువే ఇస్తుంది.

భద్రత విషయంలో రెండు మాటలు దాటవేయకూడదు. నాలుగున్నర కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో తగిలితే, అదే బరువు నాలుగంతస్తుల మేడ మీది నుంచి పడినంత దెబ్బ. బండిలోని చిన్న బ్యాటరీ నీరసించినా, సిగ్నల్ తెగినా థ్రాటిల్ తెరుచుకునే ఉండిపోవచ్చు. సిగ్నల్ పోగానే బ్రేకు వేసే ఫెయిల్‌సేఫ్ ఉందో లేదో చూసి, చక్రాలు గాలిలో ఉంచి రిమోట్ ఆపి పరీక్షించాలి. పిల్లలు ఆడుకునే మైదానం దీనికి చోటు కాదు. బడికీ, ఆస్పత్రికీ నూరు మీటర్ల లోపు చోటును ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చని నిబంధనలు చెబుతున్నాయి, ఈ ఇంజనేమో నిమిషానికి 30 వేల చుట్లు తిరుగుతూ అరుస్తుంది. రెండోది మిథనాల్. కల్తీ సారా చావుల వెనుక తరచుగా ఉండే విషం అదే. దాని మంట పట్టపగలు కంటికి దాదాపు కనబడదు. మంచినీళ్ల సీసాలో దీన్ని పోసి ఉంచడం క్షమించరాని పని.

కొత్త బండి ఖరీదు చూసి చాలామంది పాతది వెతుకుతారు, అందులో తప్పేమీ లేదు. పై డొప్ప మెరుపు చూడకుండా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఫ్లైవీల్‌ను వేలితో తిప్పి చూడాలి. పిస్టన్ పైకి రాగానే గట్టిగా అడ్డుపడితే బిగువు ఉన్నట్టు, వెన్నలా జారిపోతే లేనట్టు. ఫిల్టర్ తీసి కార్బురేటర్ నోట్లో శుభ్రమైన తెల్లగుడ్డ తిప్పాలి. గుడ్డకు ఎర్రమట్టి అంటితే బేరం అక్కడే ఆపవచ్చు. తర్వాత ఒక ట్యాంకు పూర్తిగా నడిపించి, వేడి మీదే ఆపి, మళ్లీ స్టార్ట్ చేయమనాలి. "కాస్త చల్లారనివ్వండి, అప్పుడు అందుకుంటుంది" అని అమ్మేవారు అంటే, చెప్పిన ధరలోంచి కొత్త పిస్టన్, సిలిండర్ జత ఖరీదు తీసేసి మాట్లాడాలి.